తప్పు

మా మామ్మ తవిటమ్మ భాషలో
తప్పు అంటే చేసేది కాదు, కట్టేది.
శిస్తు కట్టినట్టు.
"పదకొండు రూపాయలు తప్పేసినారు,
ఒక మేకపోతు, రెండు కుండల కల్లు"
అని బోసినోటితో లెక్క చెప్పేది,
గెడ్డలో మోకాళ్ల లోతున నిలబడి
కుళ్లిన గోగుకట్ట నుంచి నార ఒలుస్తూ.

గోగుచేను మనిషిని మించిపోయే భాద్రపదంలో
పదహారేళ్ల పిల్ల అందులోకి ఎందుకెళ్లిందని
ఎవరూ అడగలేదట.
ఎవరితో అనే అడిగారు.
అతనికి సగం తప్పు, ఈమెకు సగం.
అతనికి అక్కడితో సరి.
ఈమెకు మాత్రం బంగారుపూస కాల్చి
నాలిక మీద అంటించారు.
ఆ మచ్చ నాకు చూపించేది,
జొన్నగింజంత, తెల్లగా.
"కాల్నాది గానీ బావూ, రేత్రికి మేకకూర నానూ తిన్నాను."
తప్పేసిన పెద్దలే మారు వడ్డించమన్నారట.
మరుసటేడు మా తాత ఓలి ఇచ్చి చేసుకున్నాడు.
ఓలిలో ఒక్క రూపాయి తగ్గలేదు.
ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం
నార ఒలవడం ఆపేది.

మా నాన్న నెల్లిమర్ల మిల్లులో టైంకీపరు.
తెల్లచొక్కా తొడిగిన మొదటివాడు మా ఇంట్లో.
చొక్కాతోపాటు కొత్తమాట ఒకటి తెచ్చాడు, పరువు.
మామ్మకి ఆ మాట నోరు తిరగలేదు.
"పరుగు" అనేది.

మా మేనత్త దాలమ్మకి మూడోనెల.
రాత్రి పాసింజరు ఎక్కించి
పలాస వైపు తీసుకెళ్లాడు నాన్న.
పదిరోజులకి ఒక్కడే దిగాడు.
జ్వరం అన్నాడు.
ఊరు కూడా జ్వరమే అంది.
ఎవరూ తప్పు వెయ్యలేదు, మేక తెగలేదు,
అంతా మర్యాదగా జరిగిపోయింది.

మామ్మ మిల్లుగేటు దాకా నడిచొచ్చింది.
షిఫ్టు దిగుతున్న జనం మధ్య
కొడుకు చొక్కా గుప్పిట పట్టుకుంది.
"మేకతో పోయీదానికి
మనిసినిచ్చీసినావేట్రా నాయినా!"

నేను చిన్నదాన్ని. గుండీ ఒకటి ఊడి
దొర్లడం చూశాను.
ఎవరూ తియ్యలేదు.

ఇక నేను.
నేను ఏ తప్పూ చెయ్యలేదు.
అదేం గొప్ప కాదు.
అమ్మ నా నెలలు కేలండరు మీద పసుపుచుక్కలు పెట్టి లెక్కేసేది.
అప్పటికే గోగు ధర పడిపోయి
చేలన్నిట్లో నీలగిరి వేశారు.
నీలగిరితోటలో
నీడ కూడా దాక్కోలేదు.

ఇప్పుడు మిల్లుగేటు ఎదురుగా నాది మందులషాపు.
మొన్న మిట్టమధ్యాహ్నం
ముఖానికి చున్నీ చుట్టుకున్న పిల్ల
నోటితో అడక్కుండా ఫోను తిప్పి చూపించింది.
కిట్టు తీసి అలవాటుగా పేపరు చుట్టబోయాను.
"వద్దాంటీ, ఇలా ఇచ్చెయ్యండి."
స్కాన్ చేసింది.
డబ్బాలోంచి ఆడగొంతు ఊరంతటికీ వినపడేలా
"అరవై రూపాయలు అందాయి" అంది.
ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

వెళ్లలేదు. నిలబడింది.
"ఆంటీ, ఇక్కడ బాత్రూం ఉందా?
హాస్టల్లో గదికి ఆరుగురం."

మీది ఏ ఊరమ్మా అని నోటిదాకా వచ్చింది.
మా నాన్న గొంతుతోనే వచ్చింది.
మింగి, వెనక తలుపు తాళం ఇచ్చాను.

ఐదు నిమిషాలు.
దగ్గుమందు సీసాలు వరసగా ఉన్నవే
మళ్లీ వరసపెట్టాను.
లోపల కొళాయి విప్పిన చప్పుడు.
కట్టేసిన చప్పుడు.
తర్వాత ఏ చప్పుడూ లేదు.

బయటికొచ్చింది. చున్నీ ఉంది ముఖానికి.
కళ్లలో నాకేమీ దొరకలేదు,
వెతకకూడదని కూడా అప్పుడే తోచింది.
తాళంచెవి బల్ల మీద పెట్టి,
ఒక ఓఆర్ఎస్ పేకెట్ కొని,
ఈసారి చిల్లరతో,
బస్సు వైపు నడిచింది.

మిల్లు సైరను మోగి ఎన్నాళ్లయిందో.
ఒంటిగంటకి చెవి ఇంకా ఎదురుచూస్తుంది.
నాలిక అంగిటికి ఆనించి చూసుకున్నాను.
నున్నగానే ఉంది.
ఎక్కడో ఒకచోట
చురుక్కుమంటోంది.