గులాబీది

పగిలిన ప్లాస్టిక్ బిందెకి నాలుగు పిల్లలిచ్చాడు
సైకిలు మీదొచ్చిన రంగుకోళ్ళవాడు.
రెండు పచ్చవి, ఒకటి నీలం, ఒకటి గులాబీ.
"ఇయ్యి బతకవే" అంది మా అత్త
నూకలు చల్లుతూనే.

ఒక పచ్చది తెల్లారకుండానే పోయింది.
నీలందాన్ని కాలవగట్టు ముంగిస పట్టుకెళ్ళింది.
రెండో పచ్చది వాళ్ళ నాన్న చెప్పు కింద.
రూతుకి ఆ సంగతి చెప్పలేదు.
ఆయనే రెండు పూటలు
కంచం ముందు కూర్చుని లేచాడు.

గులాబీదానికి అట్టపెట్టె, పెట్టెలో బల్బు.
ముసురు రాత్రి కరెంటు పోయింది.
మా ఆయన కాపలా కాసే రొయ్యల చెరువుల మీద
జనరేటర్లు అందుకున్నాయి.
మాకేముంది?
దాన్ని రూతు గౌనులో, రూతుని నేను కొంగులో.
పొద్దున్నకి ముగ్గురికీ ఒకటే రెట్టవాసన.

ఈకలొచ్చి తెల్లబడింది.
"నాది కాదిది, మార్చేశారు" అని ఒకటే ఏడుపు.
రెక్క ఎత్తి చూపించాను,
లోపల గోరంత గులాబీ.

ఇప్పుడది పుంజు.
మూడింటికే కూసి రేవుదాకా లేపుతుంది.
మొన్న ఆదివారం మలికిపురం నుంచి ఆడపడుచు వాళ్ళొచ్చారు.
అత్త పుంజుని చూసింది, రూతుని చూసింది,
సంచీ పట్టుకుని
కిలో కోడికి సెంటరుకి నడిచింది.