విభూది ముందు రోజు

యానాంలో తెల్లదొరల గుడి గంట
ఆరు కొట్టేసరికి
ఇన్నాసమ్మ అవ్వ కుండలన్నీ దించేది.
వెన్న అడుగు గీకి,
బాతుగుడ్లు పదకొండూ పగలగొట్టి
మైదాలో పాలు పోసి గిలక్కొట్టేది.
అట్టు అంచు ఎర్రబడేదాకా
ఎవరితోనూ పలికేది కాదు.

దొరసాని వంటింట్లో
మా ముత్తవ్వ నేర్చుకొచ్చిన అట్టు.
పేరూ తెచ్చిందట,
దారిలో సగం ఒలికిపోయింది:
“మార్దిగర” అంటాం మేం.
మాంసానికి సెలవు చెప్పే రోజని ఫాదరుగారు.
రేపటికేమీ మిగలకూడదని అవ్వ.

తమ్ముడి మూతికి మసి మీసం,
పొయ్యి మీద కోడి పులుసు.
గడప పైన నిరుటి ఈతాకు సిలువ
ఎండి గలగలమంటోంది,
తెల్లారితే అదే మా నుదుటి బూడిద.

చివరి నాలుగట్లు ఆకులో చుట్టి
నన్ను ఏటిగట్టు పాకకి పొమ్మంది.
చెరువులో రొయ్య చచ్చినప్పట్నుంచీ
అక్కడ పొయ్యి రాజలేదు.
“వాళ్ల ఉపాసం ఎప్పుడో మొదలైందిరా,
పండగే ఆలస్యమైంది. పరిగెత్తు.”

గౌతమి గాలి.
ఆకులో వేడి.
మూడట్లే చేరాయి.

పొద్దున్న ఫాదరుగారు
“మన్నువి నువ్వు” అంటూ బూడిద రాస్తుంటే
వెనక్కి దాచుకున్న నా వేళ్లు
ఇంకా వెన్న వాసన.