అరువు గొంతు

ఏప్రిల్ రెండో వారంలో నా గొంతు పోయింది.
పోవడమంటే బస్సు పోయినట్టు కాదు,
బోరులో నీళ్లు పోయినట్టు.
ముందు బురద, తర్వాత గాలి,
ఆ తర్వాత ఉత్త మోటారు మోత.

ఆదోని డాక్టరు టార్చి వేసి చూసి
"పది రోజులు మాట్లాడకండి టీచర్" అన్నాడు.
మూడూ నాలుగూ తరగతులు ఒకే గదిలో,
రిజిస్టర్లో నలభై ఆరు పేర్లు,
పది రోజులు మాట్లాడకుండా!
నవ్వబోతే నవ్వు కూడా గుసగుసగానే వచ్చింది.
పక్క కుర్చీలోని కమీషన్ వ్యాపారి
పడిపోయిన పత్తి ధరను చూసినట్టు
నన్ను చూశాడు.

దీనికి అలసట అని పేరు పెట్టే తీరిక లేదు.
గుడ్ల లెక్క, అన్నం ఫోటో, మరుగుదొడ్డి ఫోటో.
సిగ్నల్ కోసం నీళ్లట్యాంకు మెట్లెక్కి
ఫోను ఆకాశానికి చూపించి
వానకు మొక్కుకునే దానిలా నిలబడాలి.
మొన్నొక రాత్రి మా ఆయన ఉప్పు అడిగితే
"చెయ్యెత్తి అడుగు" అన్నాను.
పాపం, ఎత్తాడు.

మర్నాడు బోర్డు మీద రాశాను:
నాకు గొంతు లేదు. ఎవరైనా అప్పిస్తారా?
ఉరుకుందమ్మ లేచింది,
రెండు జడలకు రెండు రంగుల రిబ్బన్లతో.
"నేనిస్తా మేడం. జూన్‌లో తిరిగియ్యల్ల మళ్లా."

హాజరు పట్టీ చేతికిచ్చాను.
నా బల్ల ముందు నిలబడి
లేని కళ్లజోడును ముక్కు మీదికి తోసుకుని
డస్టరుతో మూడు దెబ్బలు కొట్టి
మొదలుపెట్టింది.
"రేయ్ బజారీ, ఆడేం సంత జరుగుతాందా?"
"ఎన్నిసార్లు చెప్పల్ల? నా నోరు నొయ్యదా?"
"మీతో ఏగలేక సస్తాండా."
గది గొల్లుమంది. నేనూ నవ్వాను.

అప్పుడు ఆ పిల్ల నిట్టూర్చింది.
నవ్వించడానికి కాదు,
పాఠంలో అదీ ఒక భాగమనుకుని.
ప్రతి వాక్యానికీ చివర
చుక్క పెట్టినట్టు ఒక నిట్టూర్పు.
తొమ్మిదేళ్ల ఛాతీలోంచి
నలభై ఎనిమిదేళ్ల ఊపిరి.
ఇదెప్పుడు నేర్పాను నేను?
ఏ యూనిట్‌లో ఉంది?

పేర్లు పిలుస్తోంది.
ఖాజాబీ. ప్రెజెంట్ మేడం.
బజారి. ప్రెజెంట్ మేడం.
మారెప్ప.
మారెప్ప జనవరిలోనే అమ్మానాయనల వెంట
గుంటూరుకి మిరప కోతలకు పోయాడు.
ఉరుకుందమ్మ ఆగింది.
కిటికీలోంచి రోడ్డు మలుపు దాకా చూసింది,
మూడంకెలు లెక్కపెట్టేంత సేపు.
తర్వాత సున్నా చుట్టింది.
హనుమక్క. మళ్లీ కిటికీ.
చిన్న ఈరన్న. మళ్లీ.
పదకొండు మందికి పదకొండు సార్లు
ఎండలోకి చూసి వచ్చింది.

ఎందుకు ఆగుతున్నావని సైగ చేశాను.
"మీరు ఆగుతారు గదా మేడం," అంది, "దినామూ."

నాకు తెలియదు.
నాలుగు నెలలుగా
నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం పిల్లలు వెళ్లిపోయాక
పట్టా పరవకుండానే
నాపరాళ్ల మీద వెల్లకిలా పడుకున్నాను.
పై బండల సెగ, కింది బండల చల్లదనం,
మధ్యలో రొట్టెలా నేను.
గిన్నెలు తోముతున్న సుంకులమ్మ
ఒకసారి తొంగిచూసి
చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసిపోయింది.
ట్యాంకు ఎక్కలేదు.
ఆ రోజు ఫోటో పోలేదు.
ప్రభుత్వం కూడా పడిపోలేదు.

ఇరవై మూడున బీరువాకు తాళం వేశాను.
రెడ్ పెన్ను రిఫిల్ ఎప్పుడో అయిపోయింది,
ఆఖరి మార్కులు నీలంలోనే పడ్డాయి.
గేటు దగ్గర ఉరుకుందమ్మ
నా వెనకాల ఇంకోసారి నిట్టూర్చి
తనలో తనే నవ్వుకుంది.

ఆస్పరి దాటాక కండక్టరు "యాడికి?" అన్నాడు.
"ఆదోని."
పది రోజుల తర్వాత మొదటి మాట.
నెర్రెలిచ్చిన నేల మీద చెప్పులీడ్చినట్టు వచ్చింది,
కానీ వచ్చింది.

కిటికీ వైపు తిరిగాను.
ఎదురుగా ఒక లారీ, మూటల మీద మనుషులు.
గుంటూరు నుంచి కావచ్చు, కాకపోవచ్చు.
పిల్లలెవరైనా ఉన్నారేమో లెక్కపెడదామనుకున్నాను.
రెండో తల దగ్గరే
నిద్రపోయాను.