గడ్డం గీసిన రాత్రి

ల్యాబులో బొమ్మకు పేరు లేదు.
దాని రబ్బరు చేతికి నాలుగేళ్ళు సూదులు గుచ్చాం,
రొమ్ము మీద ముప్పైసార్లు అదిమి లెక్కపెట్టాం.
ఎంత అదిమినా అది ఏమీ అడగదు.

ఆ రోజు కరుణమణి మేడమ్ బొమ్మను పక్కకు జరిపి
చెప్పులు విడిచి, కళ్ళద్దాలు రెడ్డిరాణి చేతికిచ్చి
తనే మంచమెక్కి పడుకుంది.
దుప్పటి గొంతుదాకా లాక్కుని అడిగింది:
"పాపా, నేను సచ్చిపోతానా?"

షాహీనా చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.
రెడ్డిరాణి లేని సెలైన్ చుక్కల్ని సరిచేసింది.
నేను కిటికీలోంచి కొండ చూపించి
"అట్లా అనకూడదమ్మా, స్వామి ఉన్నాడు కదా" అన్నాను.
మేడమ్ కళ్ళు తెరవలేదు.
"కొండ యాడికీ పోదులే.
నేను నా సంగతి అడిగితిని."

తర్వాత లేచి, ముడి బిగించుకుంటూ చెప్పింది:
ఎక్స్‌పైర్ అయ్యేది మాత్ర. అట్ట మీద తేదీ ఉంటుంది దానికి.
మనిషి చనిపోతాడు. ఆ మాటే అనండి.
పరమపదించారంటే, పలమనేరు పిల్లోడొకడు
ఏ వార్డుకు మార్చినారని అడిగినాడు నన్ను.
కూర్చోండి. నిలబడి మాట్లాడితే
సగం వెళ్ళిపోయినట్టే వాళ్ళకు.
ఇంకా ఏదో చెప్పబోతుంటే గంట కొట్టారు.
పరీక్షలో రాదని నేను రాసుకోలేదు.

*

పద్నాలుగో మంచం చెంగల్రాయుడు.
కల్యాణకట్టలో ముప్పైఒక్క ఏళ్ళు గుండ్లు కొట్టినవాడు.
కాలేయం నిండా గడ్డలు.
"ఆయనకు చెప్పొద్దు సిస్టర్" అని అందరూ చెప్పారు, అతనికి వినబడేట్టు.
కొడుకు వరండాలో, సిమెంటు నేల మీద నిద్ర.

రెండున్నర. ఫ్యాను కిచకిచ. కిటికీ అవతల
మెట్లదారి దీపాలు, కొండకు వేసిన కుట్లలా.
"పాపా" అన్నాడు.
"నాకింక ఎన్నాళ్ళో నీకు తెలుసునా?"

చెయ్యి దానంతటదే సెలైన్ వైపు పోయింది.
చుక్కలు సరిగ్గానే పడుతున్నాయి.
స్టూలు లాక్కుని కూర్చున్నాను.
"మీకేమనిపిస్తా ఉంది తాతా?"
"అయిపోయిందనిపిస్తా ఉంది."
మెడలో ఏడెముకలని చదివాను.
అవునని తల ఊపడానికి
ఒక్కొక్కదాన్నీ బతిమాలాల్సి వచ్చింది.

అతను ఏడవలేదు. దవడ నిమురుకున్నాడు.
"వారమాయె. ఈ మొగంతో పొయ్యేది నాకు నామోషీ.
ఎన్ని తలలు నున్నగా చేసినోణ్ణి!"

ఆపరేషన్‌కు ముందు పొట్ట గీయడం నేర్పారు మాకు,
మొహం నేర్పలేదు.
ట్రేలో వేడినీళ్ళు, సబ్బు, కొత్త బ్లేడు.
"తోలు సాగదియ్. ఆఁ. ఎదురు గియ్యగాకు, వాలు చూసుకో.
గొంతుకాడ ఊపిరి బిగబట్టల్ల.
నేను కాదు, నువ్వు."
చెప్పీ చెప్పీ అలిసి, వేలితో చూపించాడు.
చెవికింద తెగింది, ఆవగింజంత.
"మొదట్లో అందరికీ తెగతాది" అన్నాడు.

ఈ ఊళ్ళో కొండెక్కేవాళ్ళూ గోవిందా అంటారు,
పాడె మోసేవాళ్ళూ గోవిందా అంటారు,
చీటీ డబ్బులు మునిగినా గోవిందానే.
నాకు ఆ ఒక్క మాటా రాలేదు. మా ఇంట్లో వేరే ప్రార్థన.
అదీ రాలేదు.
తువ్వాలుతో తుడిచాను. చెయ్యి తీయబోతే
అతని చెంప దాని వెంటే కొంచెం వచ్చింది.
ఉంచాను.

పదహారో మంచం పిలిచింది.
"పొయ్యొస్తా తాతా" అన్నాను, రోజూ అనేదే.
"పొయ్‌రా" అన్నాడు, కళ్ళు మూసుకునే.

నాలుగూ నలభైకి వరండాలోకి వెళ్ళి
కొడుకును లేపి, పక్కన నేల మీద కూర్చున్నాను.
"మీ నాయన చనిపోయినాడన్నా."
అతను నావైపు చాలాసేపు చూశాడు,
ఆ మాట వెనక ఇంకో మాట ఉందేమోనని.
లేదు.

లోపలికొచ్చి, తండ్రి దవడ మీద
చేత్తో ఒకసారి కిందికీ, ఒకసారి పైకీ రాసి
"ఎవరు గీసినారు?" అన్నాడు.