పది చుట్లు

జూన్ నెల, పుంతా అరేనస్ రేవు.
పదింటికి గానీ తెల్లవారదు.
పీతల వేట ఇంకా మొదలవలేదు,
ఒయార్సూన్ పడవ మూడు వారాలుగా కట్టేసే ఉంది.
బ్యాటరీ మళ్ళీ చచ్చింది.
"కొత్తదే ఎవులాలియా, కొత్తదే!"
అమ్మినవాడి వంశాన్ని వరసగా తిడుతున్నాడు.

అమ్మినవాడి తప్పు కాకపోవచ్చు.
ఎక్కడో కారుతోంది.
నీళ్ళయితే చెయ్యి తడిసేది,
గ్యాసయితే ముక్కు చెప్పేది.
కరెంటు ఇంత సన్నగా కారితే
ఒంట్లో ఏ అవయవానికీ కబురు అందదు.

నా బ్యాటరీ తెచ్చి తగిలించాను.
తీగ మాత్రం తెంపను.
తెంపి మధ్యలో మీటరు పెడితే
అలికిడికి దొంగ తప్పుకోవచ్చు.
అందుకే ఈ క్లాంపు.
పీత డెక్కలా తెరుచుకుని
తీగ చుట్టూ మూసుకుంటుంది,
కొరకదు.

ముందు సున్నా చెయ్యాలి. కుదరదే!
కొండవైపు తిప్పితే ఒక అంకె,
జలసంధి వైపు తిప్పితే ఇంకొకటి.
"పాడైందా?"
"లేదు. భూమి గొంతు కూడా దీనికి వినిపిస్తుంది."
ఎలా పట్టుకుని కొలవబోతానో
అలాగే పట్టుకుని, మోచెయ్యి కదలకుండా
సున్నా నొక్కాను.

తీగ పెడితే 0.08. 0.11. 0.05.
తాగినవాడి నడక.
ఇంత పెద్ద నోటికి అంత చిన్న మెతుకు ఆనడం లేదు.
పానెల్ వెనక చుట్టిపెట్టిన మిగులు తీగ విప్పి
అదే నోట్లోంచి పదిసార్లు తిప్పాను.
ఒకే మనిషి గుమ్మం ముందు పదిసార్లు నడిస్తే
కాపలావాడికి ఊరేగింపే కదా.
0.85.
పదో వంతు తీసుకో:
ఎనభై అయిదు మిల్లీ ఆంపియర్లు. నిలకడగా.

ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోయాను.
ఏడోదానికి అంకె కూలింది.
అది ఎక్కడికి పోతుందో అతనికీ గుర్తు లేదు.
ఫ్యూజు మళ్ళీ పెట్టి, తీగ వెంట వేళ్ళు జరుపుకుంటూ వెళ్తే
చుక్కాని ముందు, దిక్సూచి.
దాని మీద ఉన్ని టోపీ,
గాజు గీరుకుపోకుండా వాళ్ళావిడ అల్లింది.
ఎత్తాను.
లోపల ఎర్రగా కందిగింజంత దీపం,
మూడు వారాలుగా
కదలని పడవకి దిక్కు చూపిస్తూ.

ఒయార్సూన్ ఈసారి ఎవరినీ తిట్టలేదు.
టోపీలో అరచెయ్యి పెట్టి చూశాడు.
"వెచ్చగా ఉంది" అన్నాడు,
అంతలోనే చెయ్యి తియ్యలేదు.

స్విచ్ ఆపాను.
తెర మీద ఇంకా 0.02.
ఇది పడవదా, భూమిదా?
క్లాంపు కొంచెం పక్కకి ఒరిగితే మైనస్ అయింది.
బిల్లులో "దీపం" అని రాశాను.
చివరి గడిలో సున్నా వెయ్యడానికి చెయ్యి రాక
పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి
చుట్లు విప్పడం మొదలెట్టాను.