తెలిసిన దొంగ

డులూత్‌లో మంచింకా కరగలేదు.
పాత కారుకి లోను కావాలని వచ్చింది
మారిట్, పద్దెనిమిదేళ్ల పిల్ల.
నా స్క్రీన్ మీద ఆమె పేరిట
పన్నెండేళ్ల కిందట తెరిచిన కార్డు,
నిరుడు ఎగ్గొట్టిన వాయిదాలు,
ఎవరిదో సోఫా అప్పు.

"అప్పటికి నాకు ఆరేళ్లు" అంది.
పాలపళ్లు ఊడకముందే
పరపతి ఊడిందన్నమాట.

పోలీసు ఫిర్యాదు జతచేస్తే
ఇవన్నీ కొట్టేస్తారన్నాను, ఫారం ఇచ్చాను.
గబగబా నింపుతూ పోయింది.
'దొంగ మీకు తెలుసా?'
అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

కార్డు తెరిచిన నెల మళ్లీ చూసింది: జనవరి.
"ఆ చలికాలం మా అమ్మ
హీటర్ మళ్లీ వెలిగించింది,"
అంది, నాతో కాదు.

ఫారం నాలుగు మడతలు పెట్టి
కోటు జేబులో దోపుకుని,
తర్వాతి బస్సు ఎన్నింటికని అడిగింది.