చిల్లర తర్వాత

లింకన్‌షైర్‌ల హార్న్‌స్టెడ్ అనే చిన్న ఊరు.
బస్ స్టాప్ ఇంకా ఉన్నది.
అద్దాల గూడు, ఒక దిక్కు వంగిన బల్ల,
టైంటేబుల్ మీద అంటేసిన పసుపు కాయితం:
ఏడో నంబరు ఇక రాదు.

రాదని తెలిసి కూడ
డోరీన్ యాపిల్‌గార్త్ పొద్దుగాల్నే వచ్చి కూసుంటది.
కాళ్ళకు అలవాటైందంటది.
ఎనభై మూడేండ్ల కాళ్ళు,
కాయితం చదివే చదువు వాటికెక్కడిది.

నాకు చదువొస్తది. అయినా కాసేపు నిలబడి పోత.
ఐదుంబావుకు చీకటి ఇంకా ఊరి మీంచి లేవదు.
కేర్ హోమ్ నాలుగు మైళ్ళు.
రెండో మైలు కాడ ఫుట్‌పాత్ అయిపోతది,
తర్వాత అంత తడి గడ్డి, ముళ్ళకంప.
లారీ పోయినప్పుడల్ల నా నీడ
చక్కెరదుంప చేన్లల్ల పడి
మళ్ళ లేచి నా ఎంబడి నడుస్తది.

బస్సున్నప్పుడు రెండు పౌండ్లు.
నేను ఆలస్యమైన నాడు డ్రైవర్ గ్లెన్
మూల మలుపు కాడ ఇంజన్ బంద్ జేసి ఆగిండు,
లోపల ఎవ్వరు ఒక్క మాటనలే.

ట్యాక్సీ పద్దెనిమిది.
నా గంట పన్నెండు.
అంటే మొదటి గంటన్నర
నేను ముసలోళ్ళకు నీళ్ళు పోసేది ట్యాక్సీ వానికోసం.
చారాణ కోడికి బారాణ మసాల.
ఈ మాట డోరీన్‌కు ఇంగ్లీషుల చెప్పబోయి
కోడి కాడనే ఆగిపోయిన.
కోడి ఎంతకు కొన్నవు అనడిగింది.

కారు కొనుక్కోరాదు, అన్నడు మేనేజర్.
కారుకు ఇన్సూరెన్స్, ఇన్సూరెన్స్‌కు లైసెన్స్,
లైసెన్స్‌కు పరీక్ష,
పరీక్ష పెట్టే ఊరికి పోవాలంటే
బస్సు.

సగటున ఆరుగురే ఎక్కుతున్నరు, నష్టం, అన్నది కౌన్సిల్.
ఆ ఆరుగురు నాకెరుకే.
కంటి సూదికి నెలకోసారి పోయే డోరీన్.
వెల్డింగ్ నేర్చుకునే కాలమ్,
ఇప్పుడు కాలేజీ ఇడిసి చిప్స్ దుకాణంల ఆలుగడ్డలు కోస్తున్నడు.
కోళ్ళ ఫ్యాక్టరీల రాత్రి షిఫ్టు యోలాంతా.
ఇంకొకామె, పేరు తెల్వదు,
గురువారం గురువారం ఎక్కి, చివరి స్టాప్ దాంక పోయి,
దిగకుండనే తిరిగొచ్చేది.
నలుగురి నడుమ కూసునేందుకు ఆమెకు అదొక్కటే జాగ.
ఆమెను ఏ ఖాతాల రాసిన్రో.
ఐదోదాన్ని నేను.
ఆరో మనిషి? గ్లెన్‌ను కూడ లెక్కపెట్టిన్రేమో.

మీ అభిప్రాయం చెప్పుండ్రి అని సభ పెట్టిన్రు,
ఇరవై మైళ్ళ అవతలి పట్నంల, రాత్రి ఏడుకు.
బస్సు లేదని చెప్పుకునేందుకు
బస్సు పోని చోటికి రమ్మన్నరు.
మాంసం కొట్టు బ్యారీ వ్యాన్‌ల పోయినం,
నెత్తి మీద కొక్కాలు గలగలమంటుంటే.
డోరీన్ మంచి కోటు రాత్రంత గొర్రె వాసన.

నాకు మూడు నిమిషాలిచ్చిన్రు.
రాసుకపోయిన లెక్కలన్ని మర్చిపోయిన.
ధర్మపురి బస్సుల కండక్టర్ యాదికొచ్చిండు.
చిల్లర లేకుంటే టికెట్ ఎనక
బాల్ పెన్నుతోటి రాసి, గుండ్రం చుట్టి ఇచ్చేటోడు.
దిగేదాంక ఆ కాయితం గుప్పిట్ల పట్టుకునేదాన్ని.
ఆర్టీసీ నాకు మూడు రూపాలు బాకీ అని
జిల్లాకంత గర్వం.

అదే చెప్పిన, వచ్చిన ఇంగ్లీషుల.
మా కౌన్సిల్ ట్యాక్స్ రసీదు ఎనక కూడ
ఏదో బాకీ రాసుండాలె సార్,
ఒక్కసారి తిప్పి చూడుండ్రి.
ఆయన గడియారం దిక్కు చూసిండు.

నిర్ణయం మార్చిలనట.

తెల్లారి మళ్ళ అదే గూట్ల ఇద్దరం.
డోరీన్ కోటు జేబులకెంచి పాత టికెట్ ఒకటి తీసి,
తిరగేసి, కంటికానించుకుని చూసింది.
ఖాళీగనే ఉన్నది.
నీ దగ్గర పెన్నున్నదా, అనడిగింది.